బూడిద వద్దు, నీళ్ళు పోయండి

మా అమ్మ సెల్లాయి మిల్లు లైన్లలో తొట్టి ఎత్తేది. ఈ మాట చెప్పేటప్పుడు మా వాళ్ళలో కొందరు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. నేను తగ్గించను. ఆ పని ఎలా ఆగిందో నాకు తెలుసు. ఆపినవాళ్ళలో మా అమ్మ ఉంది, నా పెళ్ళాం ఉంది, నేనూ ఉన్నాను. అందుకని నిదానంగానే అయినా గట్టిగానే చెప్తాను.

కోయంబత్తూరులో అప్పుడు ఎటు చూసినా మిల్లు పొగగొట్టాలే. మిల్లు సంగు, అదే సైరను, ఊదితే ఊరు లేచేది, సంగు ఊదితే ఊరు తినేది. సింగానల్లూరు పక్కన మా మిల్లు. పనివాళ్ళ కోసం గోడ వెంబడి కట్టిన ఇళ్ళను లైన్లు అనేవాళ్ళం. ఇళ్ళకు ముందు వీధి, వెనక సన్నని సందు. ఆ సందులో వరసగా కక్కూసులు. ఒక్కోదాంట్లో కాళ్ళు పెట్టుకోవడానికి రెండు రాళ్ళు, వాటి మధ్య కంత, కంత కింద ఒక రేకు తొట్టి. సందు వైపు మోకాలెత్తు తలుపు ఉండేది. తెల్లారగానే మా అమ్మ ఆ తలుపు తీసి, తొట్టి బయటికి లాగి, బక్కెట్టులోకి వంచి, కడిగి, మళ్ళీ లోపలికి తోసేది. బక్కెట్టు నిండితే తల మీద పెట్టుకుని బండి దాకా నడిచేది. వానాకాలం అది ముఖం మీదికి కారేది. అంతకంటే చెప్పను. తెలిసినవాళ్ళకు తెలుసు.

మా ఇంట్లో మాట తెలుగే. ఎన్ని తరాల కింద ఈ ఊరొచ్చామో మా తాతకు కూడా తెలీదు. మా కులానికి ఇక్కడ రెండే పనులు ఇచ్చారు. ఒకటి తోలు పని, అది మగవాళ్ళది. రెండోది ఇది. ఇది అత్త నుంచి కోడలికి వచ్చేది. మా అమ్మకు వాళ్ళత్త ఇచ్చింది.

అయితే ఆ పనిలో కూడా మా అమ్మ తన పద్ధతి ఒకటి పెట్టింది. బూడిద. ప్రతి ఇంటి వెనక గుమ్మం దగ్గర ఒక డబ్బా ఉండాలి, దాంట్లో పొయ్యి బూడిద ఉండాలి. లోపలికి వెళ్ళినవాళ్ళు వచ్చేముందు ఒక పిడికెడు కంతలో చల్లి రావాలి. చల్లితే తడి ఆరిపోతుంది, కంపు ఉండదు, ఈగ వాలదు, తొట్టి వంచితే అంటుకోకుండా జారిపోతుంది. మొదట్లో ఎవరూ వినలేదట. బూడిద చల్లని ఇంటి తొట్టిని ఆమె ఆ రోజుకు ఎత్తకుండా వదిలేసేది. రెండు పూటల్లో దారికి వచ్చేవాళ్ళు. తరవాత తరవాత అది లైను మొత్తానికి అలవాటైపోయింది. పసిపిల్లలు కూడా "సెల్లాయికి ఒక పిడికిడు" అంటూ చల్లేవాళ్ళు. పక్క మిల్లు లైన్లలో ముక్కు మూసుకోవాలి, మా లైనులో అక్కర్లేదు. అమ్మకు దాని మీద గర్వం. "నా లైనులో ఈగ యాడుండాది, చూపించు" అనేది.

నాకు కారమడై నుంచి అమరావతిని తెచ్చారు. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే లైను మేస్త్రీ తంగవేల్ మా గుడిసె ముందుకు వచ్చాడు. ఆయన తమిళాయనే గానీ లైన్లలో సగం మంది తెలుగువాళ్ళు కాబట్టి మా మాట బాగా వచ్చేది.

"సెల్లాయీ, నీకు మోకాలు వంగేది లేదు గదా. కోడలు వచ్చినాది. ఆడి నెల, మీ ఆషాఢం, పోతే ఆమెని పంపించు" అన్నాడు.

అమ్మ మోకాలు రుద్దుకుంది. గుడిసె మిల్లుది. పని ఉంటేనే గుడిసె.

లోపలి నుంచి అమరావతి బయటికి వచ్చింది. కొత్త కోడలు, తల మీద కొంగు కూడా తియ్యలేదు. "నేను రానుంగ" అంది, రానండి అని.

"ఏనమ్మా, నీ అత్త చేస్తుండాది గదా?"

"చేస్తుండాది. అది చూసినాక కూడా నన్ను పిలుస్తుండారే, అదే నాకు తెలియలేదు."

తంగవేల్ నా వైపు తిరిగాడు. "కరుప్పా, నీ ఇంట్లో మాట్లాడేది ఎవరురా, నువ్వా, ఆమెనా?"

"ఆమె బాగా మాట్లాడతాదిలేండి, అందుకే వదిలేసినాను" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆలోచించుకోండి అని వెళ్ళిపోయాడు.

తరవాత అమరావతి నాతో చెప్పింది. "మా అమ్మ కూడా ఆ పనే చేసినాది. నాకు తెలిసి ఆమె ఒక్కనాడు తలలో పూలు పెట్టుకోలేదు. అది మోసే తలకి పూలు ఎందుకు అనేది. ఆ ఊరు వద్దనే మా నాయన నన్ను ఇంత దూరం ఇచ్చినాడు. ఇక్కడా అదే అంటే నేను తిరిగి పోతాను. నిన్ను వదిలేసే కోపంతో కాదు. ఆ సందులోకి మాత్రం నేను రాను."

పోతుందని నాకు తెలుసు. ఉత్త మాట అనే మనిషి కాదు.

సరిగ్గా అప్పుడే మిల్లువాళ్ళు నీళ్ళ కక్కూసులు కట్టాలని అనుకున్నారు. పైనుంచి ఏదో ఉత్తరువు వచ్చిందన్నారు. ముందు ఒక్క లైనుకు కట్టి చూస్తారు, బాగుంటే అన్ని లైన్లకూ కడతారు, తొట్టి పని పోతుంది. బాగా లేకపోతే పాత పద్ధతే. కట్టడానికి పోతనూరు రైల్వే ఇళ్ళలో గొట్టాలు వేసిన యేసుదాస్ అనే మేస్త్రీని పిలిపించారు. ఆయనా మా తెలుగే, మా కులమే, తాత కాలంలో వేదంలో, అంటే కిరస్తానంలో, చేరిన కుటుంబం. మట్టి తవ్వడానికి మనిషి కావాలంటే నేను పరిగెత్తాను. నాకు కూలి కోసం కాదు. అది పని చేస్తేనే అమరావతి నా ఇంట్లో ఉంటుంది.

యేసుదాస్ అన్న తవ్విస్తూనే నేర్పేవాడు. పింగాణీ బేసిను కింద పెట్టే వంపు గొట్టాన్ని నా చేతిలో పెట్టి అడిగాడు. "ఇది ఎందుకు మెడ వంచుకోనుండాది, చెప్పు."

"తెలీదన్నా."

"పోసిన నీళ్ళల్లో కొంచెం ఈ వంపులో నిలబడిపోతాది. ఆ నీళ్ళే తలుపు. మనం పంపించేది దాన్ని తోసుకోని పోతాది. కింద నుంచి వచ్చే కంపు మాత్రం దాన్ని దాటుకోని రాలేదు."

"నీళ్ళే తలుపా!"

"కీలు లేని తలుపురా. తుప్పు పట్టదు, కిర్రుమనదు."

తరవాత వాటం. గొట్టం ఎంత వాలుగా పడుకోవాలో దాన్ని వాటం అంటారు. వాలు ఎక్కువైతే నీళ్ళు ముందే పరిగెత్తిపోతాయి, మిగిలింది గొట్టంలో కూర్చుంటుంది. తక్కువైతే నీళ్ళూ కూర్చుంటాయి. రెండూ కలిసి నడిచేట్టు పెట్టాలి. గొట్టానికీ గొట్టానికీ మధ్య జనపనార మెలితిప్పి కూరి, పైన సిమెంటు పూసేవాళ్ళం. చివర భూమిలో రెండు గదుల సిమెంటు తొట్టి. మొదటి గదిలో బరువైనది అడుక్కు దిగి, కంటికి కనపడని పురుగులు తిని కరిగించేస్తాయి. తేరిన నీళ్ళు రెండో గదిలోకి, అక్కడి నుంచి కంకర నింపిన గుంతలోకి పోయి భూమిలో ఇంకిపోతాయి. తొట్టిలో పుట్టే గాలి పోవడానికి ఇంటి కప్పు కంటే పొడుగ్గా ఒక గొట్టం నిలబెట్టాం.

అమ్మ వచ్చి గుంత అంచున కూర్చుని అంతా విన్నది. "అంటే ఇంక పురుగులు ఎత్తుతాయా? జీతం లేకుండానా?" అంది.

"తినేదే జీతం అక్కా. నాగా పెట్టేది లేదు, పండగ సెలవు అడిగేది లేదు."

"మేస్త్రీతో తిట్లు తినేది కూడా లేదు. మంచి ఉద్యోగమే" అంది అమ్మ.

గొట్టాలన్నీ పడ్డాక యేసుదాస్ అన్న నా గడ్డం గీసుకునే అద్దం తెమ్మన్నాడు. ఆ చివర, గొట్టం తొట్టిలోకి దిగే ముందు వదిలిన గుంతలో, అమరావతి అద్దం పట్టుకుని ఎండను గొట్టంలోకి తిప్పింది. ఈ చివర నేను బోర్లా పడుకుని చూశాను. వెలుగు గుండ్రంగా, ఎక్కడా పెచ్చు లేకుండా కనిపించింది. ఎక్కడైనా గొట్టం కుంగి ఉంటే ఆ వెలుగు సగమే కనిపిస్తుందట. "నీ వాటం నిలబడిందిరా" అన్నాడు అన్న. నేను బడికి పోయినవాడిని కాదు. నాకు దొరికిన మొదటి మార్కు అదే.

తెరిచిన రోజు లైను వాళ్ళంతా వచ్చారు. మొదటి ఇంటి వల్లియమ్మ కొబ్బరికాయ తెచ్చింది. ఆమె మొగుడు మిల్లులో నూలు విభాగం. వాళ్ళదీ తెలుగే, కులం మా కంటే పైది. కక్కూసుకు కొబ్బరికాయ ఏందని ఎవరో నవ్వారు. "దినమూ పొద్దున లేచి మొదట పోయేది ఇక్కడికే గదా? దీనికి కొట్టక వేరే దేనికి కొట్టేది?" అంది ఆమె. కొట్టింది. యేసుదాస్ అన్న పక్కన నిలబడి కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకున్నాడు. ఆ కొబ్బరి ముక్క అందరితో పాటు ఆయనా తిన్నాడు.

వారం తిరగలేదు. ఒక కక్కూసులో పోసిన నీళ్ళు దిగకుండా పైకి వచ్చాయి. మర్నాడు ఇంకొకటి. తరవాత వరసగా అన్నీ. సందంతా కంపు. మా అమ్మ లైనులో ఏనాడూ లేని కంపు. లైను వాళ్ళు ముక్కు మూసుకుని మమ్మల్ని తిట్టారు. తంగవేల్ గోడౌనులో పడేసిన రేకు తొట్లన్నీ తెచ్చి మా గుడిసె ముందు దించాడు.

"నీళ్ళ కక్కూసు దొరల బంగళాకి సరి. లైనుకి ఇదే సరి. సోమవారం నుంచి పాత పద్ధతే. కోడలు రావాల. రాకపోతే గుడిసె ఖాళీ."

అమరావతి లోపలికి వెళ్ళి తన చీరలు మూట కట్టడం మొదలుపెట్టింది. ఏడవలేదు. నన్ను రమ్మనీ అడగలేదు, వద్దనీ అనలేదు. నేను మూట వైపు చూడలేక సందులోకి పరిగెత్తాను.

అక్కడ యేసుదాస్ అన్న వెదురు బద్ద పెట్టి పొడుస్తున్నాడు. బద్ద చివర బూడిద రంగు ముద్ద అంటుకుని వచ్చింది. ఆయన ముఖం మాడిపోయింది. "సిమెంటురా. మనం పూసేటప్పుడు లోపలికి జారినట్టుంది. తప్పు మనదే" అన్నాడు. రెండు చివర్లా గుంతల మూతలు తీసి మళ్ళీ అద్దం పెట్టాం. వెలుగు గుండ్రంగానే ఉంది. గొట్టం శుభ్రంగా ఉంది. మరి అడ్డం ఎక్కడ? ఒక బేసిను పగలగొట్టి పైకి తీశాం. దాని కింద వంపు గొట్టం నిండా రాయిలా బిగిసిపోయి ఉంది.

యేసుదాస్ అన్నకు కోపం వచ్చింది. "ఇది జారింది కాదు, ఎవరో కావాలని కలిపి పోసినారు. ఒకటి కాదు, అన్నిట్లోనూ! ఇది నడవకూడదని ఎవరికి ఉండాది?" అంటూ తంగవేల్ వైపు చూశాడు.

తంగవేల్ చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఏందిరా నువ్వు అనేది? నేను సిమెంటు కలిపినానా? నాకు సున్నం కలిపేది కూడా తెలీదు!"

"తెలియకుండానే మేస్త్రీ అయినావా?"

చెయ్యి చేసుకునేవాళ్ళే. ఇంతలో అమ్మ ఇద్దరి మధ్య నుంచి వంగి వచ్చి, ఆ వంపు గొట్టం ముందు కూర్చుంది. గోటితో ఒక పెళ్ళ గీకింది. వేళ్ళ మధ్య నలిపింది. నలిపినదాంట్లో నల్లని చిన్న పలుకు ఒకటి కనిపించింది. దాన్ని తీసి మా అందరికీ చూపించింది.

"సిమెంటులో కొబ్బరిచిప్ప బొగ్గు ఉంటాదా?"

యేసుదాస్ అన్న ఆ పలుకు తీసుకుని ఎండలో తిప్పి చూశాడు.

"ఇది పొయ్యి బూడిది. ఇది నాది" అంది అమ్మ.

లేచి సందు పొడుగునా చూసింది. కొత్త కక్కూసుల పక్కన, ప్రతి వెనక గుమ్మం దగ్గరా, డబ్బా ఎప్పటిలాగే ఉంది. తుడిచి, నింపి, మూత పెట్టి. మేమంతా రోజూ ఆ డబ్బాల మధ్యే నడిచాం. అవి ఎప్పుడూ ఉండేవే కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు.

వల్లియమ్మ గుమ్మంలోకి వచ్చింది. "వల్లియమ్మా, ఇంకా చల్లుతుండారా?" అని అడిగింది అమ్మ.

"చల్లకుంటే? నీకోసమే గదా చల్లుతుండాము. చల్లకపోతే ఎత్తేది లేదు అంటివి. మానండి అని నువ్వు ఎప్పుడు చెప్పినావు?"

అమ్మ ముందు నోరు తెరిచింది, తరవాత నవ్వింది. గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. "ఇన్ని ఏండ్లు పట్టినాది వీళ్ళకి నేర్పేదానికి. ఎంత బాగా నేర్పినానో చూడు! నేను ఎత్తేది పోయినా నాకు ఇచ్చేది మానలేదు."

నిజం అదే. రేకు తొట్టిలో ఆరబెట్టే బూడిదే నీళ్ళ వంపులో అడుక్కు దిగి, రోజూ ఒక పొర, ఒక పొర పేరుకుని బిగుసుకుంది. యేసుదాస్ అన్న రైల్వే ఇళ్ళలో ఎవరూ బూడిద చల్లేవాళ్ళు కాదు. ఆయనకు ఆ ఊహే రాలేదు. ఆయన తంగవేల్ దగ్గరికి వెళ్ళి, "తప్పుగా అనుకుంటిని అన్నా" అన్నాడు.

తంగవేల్ చేతులు దించాడు గానీ మాట దించలేదు. "సరి, బూడిదే. చెబితే వింటారా? చేతికి పట్టిన అలవాటు. ఇంకో వారానికి మళ్ళీ ఇదే కథ. సోమవారం నుంచి తొట్టి. నేను మాట మార్చేది లేదు."

"సోమవారం దాకా లైను నాది గదా. సోమవారం రండి" అంది అమ్మ.

ఇంటికి వచ్చి స్నానం చేసింది. పెట్టెలోని మంచి చీర కట్టుకుంది. అమరావతి మూట పక్కన కూర్చుని ఉంటే, "లే అమ్మణీ. ఆ గోనెసంచి పట్టుకో. నాతో రా" అంది.

"యాడికి అత్తా? సందులోకి అయితే నేను రాను."

"సందులోకి ఎవరు పిలిచినారు నిన్ను? వీధిలోకి."

ఇది ఎంత పెద్ద మాటో ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. అమ్మ ఆ లైనులో అన్నేళ్ళు పని చేసింది. ఎవరింట్లో ఎవరికి విరేచనాలో, ఎవరు వారం రోజులుగా సరిగా తినలేదో, ఆమెకు వెనక నుంచే తెలుసు. కానీ ఒక్క ఇంటి ముందు గుమ్మం కూడా ఆమె చూడలేదు. ముందు వీధిలో మేం నడవం. నడవకూడదని ఎక్కడా రాసి లేదు. రాయనక్కర లేకుండానే అందరికీ తెలుసు.

ఆ రోజు అమ్మ వీధి మొదట్లో నిలబడి మొదటి తలుపు తట్టింది. నేనూ యేసుదాస్ అన్నా ఉలి, సుత్తి పట్టుకుని ఆగిపోయి చూశాం.

వల్లియమ్మ తలుపు తీసి ఒక్క క్షణం తేరిపార చూసింది. "ఏమి సెల్లాయీ, ముందు తలుపుకి వచ్చినావే?"

"వెనక తలుపుకి ఇంక పని లేదమ్మా, అందుకే ముందు తలుపుకి వచ్చినాను. నా బూడిది నాకు ఇచ్చేయండి. ఇంక బూడిది వద్దు. నా మీద ప్రేమ ఉంటే ఒక బక్కెట్టు నీళ్ళు పోయండి. పిడికిడు కాదు, బక్కెట్టు."

వల్లియమ్మ లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చింది. అమరావతి సంచి తెరిచి పట్టుకుంది. వల్లియమ్మ తన చేత్తోనే డబ్బా దాంట్లోకి వంచింది. తరవాత చెప్పులు వేసుకుని, "పద, మిగతా ఇండ్లకు నేనూ వస్తాను. నీ మాట వినని వాళ్ళు నా మాట వింటారు. నా మాట వినని వాళ్ళు నా నోరు వింటారు" అంది.

అలా ఇంటింటికీ వెళ్ళారు. సంచి బరువెక్కింది. ఒకింట్లో కందసామి అనే ముసలాయన డబ్బా ఇవ్వనన్నాడు. "నాకు చేతిలో బూడిది లేకుంటే దిగేది లేదు సెల్లాయీ. దేహానికి అట్ల అలవాటైపోయినాది."

"చేతిలో పట్టుకోండి సామీ, వద్దన్నది ఎవరు? పట్టుకోని లోపలికి పోండి, పట్టుకోనే బయటికి రండి. వేయకండి, అంతే" అంది అమ్మ. ఆయన ఆలోచించి సరేనన్నాడు. ఆ తరవాత చాన్నాళ్ళు ఆయన పిడికిలి బిగించుకుని లోపలికి వెళ్ళి, పిడికిలి బిగించుకునే బయటికి వచ్చేవాడు. లైనంతా చూసి నవ్వేది.

మేం ఒక్కో బేసిను లేపి, వంపులో రాయి పగలగొట్టి, కడిగి, మళ్ళీ కూర్చోబెట్టాం. పగిలినదాని బదులు కొత్తది తెప్పించాం. శనివారమంతా, ఆదివారమంతా అదే పని. యేసుదాస్ అన్న చర్చికి కూడా పోలేదు. ఇదే నా పూజ అన్నాడు.

సోమవారం తంగవేల్ వచ్చాడు. లైను వాళ్ళంతా సందులో నిలబడ్డారు. డబ్బా ఒక్కటీ లేదు. ఆయన ఒక్కో కక్కూసులో నీళ్ళు పోయించాడు. దిగాయి. మళ్ళీ పోయించాడు. మళ్ళీ దిగాయి.

"నీళ్ళు పోస్తే దిగుతాది సరి. మనిషి పోతే?" అన్నాడు.

ఎవరూ ముందుకు రాలేదు. అంతమంది చూస్తుండగా ఎవరు వెళ్తారు? అప్పుడు అమ్మ బక్కెట్టు తీసుకుంది.

"సెల్లాయీ, అది లైను వాళ్ళకి కట్టినది" అన్నాడు తంగవేల్.

"ఆమె యా లైనుది మరి?" అంది వల్లియమ్మ.

అమ్మ లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆ లైనులో అందరిదీ ఎత్తిన మనిషి. అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. మాకు కక్కూసు లేదు, పొద్దు పొడవకముందే ముళ్ళ కంపల వెనక్కి పోయేవాళ్ళం. బయట ఎవరూ చప్పుడు చెయ్యలేదు. కందసామి కూడా పిడికిలి పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి బక్కెట్టు బోర్లించిన చప్పుడు, దాని వెంటే భూమి కింద గుడగుడమంటూ నీళ్ళు పోయిన చప్పుడు. నేను వేసిన వాటం మీదుగా ఆ చప్పుడు మా కాళ్ళ కింద నుంచి తొట్టి దాకా పోవడం నేను విన్నాను. గుంత దగ్గర యేసుదాస్ అన్న మూత ఎత్తి చూసి, చెయ్యి పైకెత్తాడు. వచ్చిందని.

అమ్మ తలుపు తీసి బయటికి వచ్చింది. చీర సర్దుకుంది. "బాగుండాది. ముందు అడుగు పెట్టే రాయి కొంచెం ఎత్తు. ముసలోళ్ళకి దించండి" అంది, ఏదో సంత నుంచి కొత్త కుండ తట్టి చూసుకుని వచ్చినట్టు.

తంగవేల్ ఆ రాయిని చెప్పుతో తట్టి చూశాడు. తరవాత రేకు తొట్లు ఎత్తి బండిలో వెయ్యమని తన మనుషులకు చెప్పాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. తనకు పైవాళ్ళు ఇచ్చిన పని తను చేసేవాడు.

"సెల్లాయీ, నీ కోడలికి చెప్పు. రావద్దని" అన్నాడు.

అమరావతి అక్కడే ఉంది. "వస్తానని నేను ఎప్పుడు చెప్పినానుంగ?" అంది.

అందరూ నవ్వారు. ఈసారి ఆయన కూడా నవ్వాడు.

ఆ ఏడాదే మిగతా లైన్లకు గొట్టాలు వేశాం. యేసుదాస్ అన్న పనికి నన్ను ఉంచుకున్నాడు, జనపనార కూరే పనికి అమరావతిని అడిగాడు. ఆమె సరేనంది. అదీ మిల్లు పనే కాబట్టి గుడిసె మాకే ఉంది. వేళ్ళతో నార మెలితిప్పి, గొట్టం చుట్టూ కూరి, చెక్కతో తట్టి తట్టి బిగించేది. నీళ్ళు నింపి పరీక్ష పెడితే నేను పెట్టిన అతుకులు ఒకటి రెండు కారాయి. ఆమె పెట్టినది ఒక్కటీ కారలేదు.